ఇటలీలో మిత్రులతో ఊరూరి రుచులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము ఐదుగురం. ఒకరు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఒకరు గొడ్డు మాంసం తప్ప ఏదైనా తింటారు. ఇంకొకరి సంచిలో ఏ దేశం వెళ్లినా ఆవకాయ సీసా ఉండాల్సిందే. మిగిలిన ఇద్దరం పెట్టింది తినేవాళ్లం. ఇటలీకి రెండుసార్లు వెళ్లి వచ్చాక, ప్రయాణానికి సిద్ధమయ్యే స్నేహితులూ బంధువులూ ఫోను చేసి అడిగేవి ఇంచుమించు ఈ ప్రశ్నలే. చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఇలా రాసి పెట్టాను.

అన్ని రోజులూ పిజ్జా, పాస్తాలతోనే గడపాలా?

అక్కర్లేదు. మనం ఇక్కడ ఇటాలియన్ వంట అని ఒక్క పేరుతో పిలిచేది అక్కడ ఏ ఊళ్లోనూ కనిపించదు. ఆ దేశం ఒక్కటైంది 1861లో. అంతకుముందు ఎవరి రాజ్యం వారిది, ఎవరి వంటిల్లు వారిది. ఇప్పుడున్న 20 ప్రాంతాలలోనూ ఆ అలవాటు పోలేదు. పక్క ఊరి వంటకం అడిగితే 'అది ఇక్కడిది కాదు' అని కొంచెం గర్వంగానే చెబుతారు.

ఉత్తరాన వెన్న, బియ్యం, మొక్కజొన్న పిండితో చేసే పొలెంతా ఎక్కువ. ఐరోపా సమాఖ్య మొత్తంలో వరి ఎక్కువగా పండించేది ఇటలీయే. వసంతంలో తూరిన్, మిలాన్ నగరాల మధ్య రైల్లో వెళ్తుంటే వెర్చెల్లి దగ్గర కిటికీలోంచి నీళ్లు నిండిన మళ్లు కనిపిస్తాయి. ఆవకాయ మిత్రుడు 'తణుకు దాటామా?' అన్నాడు. దక్షిణానికి దిగితే ఆలివ్ నూనె, ఎండు పాస్తా, వంకాయ, టమాటా. ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్తో ఆదిజె మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా చేతిలో ఉండేది. అక్కడ పాస్తా బదులు రొట్టె ముక్కలతో చేసే కనెదెర్లి ఉండలు పెడతారు. సిసిలీ పడమటి కొసన ఉన్న త్రాపని ఊళ్లో చేపల పులుసుతో కుస్‌కుస్ అనే ఉడికించిన గోధుమ రవ్వ తింటారు. అది ట్యునీషియా నుంచి సముద్రం దాటి వచ్చిన రుచి.

పది రోజుల్లో ఎన్ని ప్రాంతాలు చూడవచ్చు?

రెండు. మరీ పట్టుబడితే మూడు. మొదటిసారి మేము తొమ్మిది రోజుల్లో ఆరు నగరాలు పెట్టుకున్నాం. సగం భోజనాలు రైల్వే స్టేషన్లలో నిలబడి తిన్న శాండ్‌విచ్‌లే అయ్యాయి.

రెండోసారి బొలోన్యాలో గది తీసుకున్నాం. అక్కడి నుంచి మోదెనా రైల్లో అరగంట, పార్మా సుమారు గంట. పొద్దున వెళ్లి, తిని, రాత్రికి గూటికి చేరవచ్చు. అక్కడ అయిదు రోజులున్నాక వేగపు రైలెక్కి నేపుల్స్ చేరాం. తిండి కోసమే వెళ్లేవారికి ఈ రెండు నగరాలూ చాలని నా అభిప్రాయం. ఫ్లోరెన్స్, వెనిస్ చూడకుండా ఎలా వచ్చారని అడిగేవారు అడుగుతారు. అడగనివ్వండి.

బొలోన్యాలో స్పగెట్టి బొలోనీస్ ఎక్కడ బాగుంటుంది?

ఎక్కడా ఉండదు. పర్యాటకుల కోసం పెట్టిన హోటళ్లలో దొరకవచ్చు గానీ, ఊరివాళ్లు దాన్ని తమ వంటకంగా ఒప్పుకోరు. వాళ్లది రగూ అనే మాంసపు కూర. దాన్ని కలిపేది తాల్యతెల్లె అనే వెడల్పు పట్టీల పాస్తాలో. సన్నటి స్పగెట్టి మీద రగూ నిలవదు, జారి పళ్లెం అడుగుకు చేరుతుంది. గుడ్లతో కలిపిన పిండిని చేత్తో ఒత్తిన పట్టీకి కాస్త గరుకు ఉంటుంది, కూర దాన్ని పట్టుకుంటుంది.

ఈ విషయంలో వాళ్ల పట్టుదల ఎంతంటే, 1972లో తాల్యతెల్లె కొలతను నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. ఉడికిన పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లు, అంటే ఊరి నడుమ నిలబడ్డ అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు! 1982లో రగూ వంట విధానాన్నీ అలాగే నమోదు చేశారు, 2023లో సవరించారు. మాగాయ ముక్క కొలతను మనవాళ్లు కలెక్టరేటులో నమోదు చేయించినట్టే ఉంది వ్యవహారం.

వీలైతే పొద్దునే తాజా పాస్తా అమ్మే దుకాణం అద్దంలోంచి లోపలికి చూడండి. పిండి ఒత్తే ఆమెను స్ఫొల్యీనా అంటారు. మేము చూసినామె కర్ర మన అప్పడాల కర్రకు మూడింతలు పొడవుంది. పసుపు పచ్చటి ముద్దను అరచేతులతో ముందుకు తోస్తూ, కర్రకు చుట్టి విప్పుతూ, బల్ల అంచు దాటి వేలాడేదాకా పలచన చేసింది. చివర దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలున్న గోడ గడియారం మసకగా కనిపించింది. తర్వాత మడతలు పెట్టి కత్తితో టకటక కోసింది. కొలబద్ద ఎక్కడా లేదు.

మా బృందంలో శాకాహారి ఉన్నారు. ఇబ్బంది పడతారా?

ముందే నాలుగు సంగతులు తెలుసుకుంటే మన శాకాహారులు ఇటలీలో ఐరోపాలోని చాలా దేశాలకన్నా సుఖంగా తినగలరు. తెలియకపోతే రెండో రోజే గొడవ.

మొదటిది గుడ్డు. బొలోన్యా వైపు తాజా పాస్తాలో గుడ్డు తప్పనిసరి. దక్షిణాది ఎండు పాస్తా మాత్రం గట్టి గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. పూల్యాలో చేత్తో చేసే ఒరెక్యెత్తె కూడా అలాంటిదే. అందుకే గుడ్డు తినని వారికి దక్షిణాదే పుట్టిల్లు.

రెండోది జున్ను, అంటే చీజ్. మనం పార్మేజాన్ అనే పర్మిజానో రెజ్జానోను దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. నిబంధన ప్రకారమే అలా చేయాలి, మార్చడానికి వీల్లేదు. ఇది పట్టించుకునేవారు 'సెన్జా ఫొర్మాజ్జొ' అనాలి, అంటే జున్ను లేకుండా. మా మిత్రురాలు విమానంలోనే ఈ సంగతి తేల్చుకుంది. మీవారూ ముందే తేల్చుకుంటే మంచిది. పళ్లెం ముందుకు వచ్చాక మొదలయ్యే చర్చ అయిదుగురి ఆకలినీ చెడగొడుతుంది. అన్నట్టు, ఆ జున్నుకు పాలిచ్చే ఆవుల కొట్టాలలో పనిచేసేవారిలో పంజాబీ సిక్కులు చాలామంది ఉన్నారు.

మూడోది, మాంసం అన్న మాటకు వాళ్ల అర్థం వేరు. ఒక కొండ ఊళ్లో బీన్సు సూపులో మాంసం ఉందా అని అడిగితే లేదన్నారు. చెంచా ముంచితే గులాబీ రంగు ముక్కలు తేలాయి. 'మాంసం కాదండీ, పంచెత్తా, వాసన కోసం కొంచెం' అని వడ్డించే పెద్దాయన నిజంగానే నొచ్చుకున్నాడు. పంచెత్తా అంటే ఉప్పులో ఊరిన పంది పొట్ట మాంసం. కనుక మాంసం, చేప, పంది కొవ్వు, ఎముకల రసం అన్నీ విడివిడిగా అడగాలి: కార్నె, పెష్షె, స్త్రుత్తో, బ్రొదో. రొమాన్యా ప్రాంతపు పియదీనా చూడటానికి అచ్చం మన చపాతీలా ఉంటుంది, దాని పిండిలో పంది కొవ్వు కలపడం పాత ఆచారం. టమాటా సాసులో ఎంకోవీ చేప కరిగిపోయి ఉండవచ్చు.

నాలుగోది పేర్లలోని తోక. తొర్తెల్లీని అనే లోపల కూరిన పాస్తాలో మాంసం ఉంటుంది. తొర్తెల్లోనిలో సాధారణంగా రికొత్తా అనే మెత్తటి జున్ను, ఆకుకూర ఉంటాయి. 'ఈని' అంటే చిన్నవి, 'ఓని' అంటే పెద్దవి.

ఇక సుఖంగా తినగలిగేవి. జెనోవాలో ఫరినాతా: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచు కరకర, నడుమ మెత్తన. పాలెర్మోలో పనెల్లె: అదే శనగపిండిని ఉడికించి, ఆరబెట్టి, ముక్కలు కోసి నూనెలో వేయించి, రొట్టె మధ్యలో పెట్టిస్తారు. కతానియాలో వంకాయ ముక్కలతో పాస్తా అల్లా నోర్మా. పూల్యాలో ఫావె ఎ చికొరియా గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. పొట్టు తీసిన బాకలా గింజలను ముద్దపప్పులా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె ధారగా పోస్తారు. మనం పప్పులో నెయ్యి పోసుకున్నట్టే. మా మిత్రురాలు ఒక్క మాట మాట్లాడకుండా పళ్లెం ఖాళీ చేసి, ఇంకొకటి తెప్పించుకుంది.

గొడ్డు మాంసం, పంది మాంసం తినని వారు ఏ మాటలు గుర్తుపెట్టుకోవాలి?

మాన్జో గొడ్డు మాంసం, వితెల్లో దూడ మాంసం, మయాలె పంది. ప్రొష్యూత్తో, సలామె, మొర్తదెల్లా, గ్వాంచాలె, స్పెక్ అన్నీ మామూలుగా పందివే. పోల్లో కోడి, అన్యెల్లో గొర్రెపిల్ల, కొనీల్యో కుందేలు. కవాల్లో కనిపిస్తే అది గుర్రం, ఉత్తరాన కొన్నిచోట్ల నిజంగానే పెడతారు. బొలోన్యా రగూలో గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. మిలాన్ కుంకుమపువ్వు రిసొత్తో అనే అన్నం వంటకం పైకి శాకాహారంలా ఉంటుంది గానీ అసలు పద్ధతిలో ఎముక మూలుగ వేస్తారు. ఫ్లోరెన్స్ అంటేనే పెద్ద గొడ్డు మాంసపు ముక్క. ఇవేవీ వద్దనుకునే మాంసాహారులు సముద్రతీరానికి పోవడం మేలు.

కారం దొరుకుతుందా? ఆవకాయ తీసుకెళ్లాలా?

కలాబ్రియాలో దొరుకుతుంది. ఇటలీ బూటు బొటనవేలు అది. అక్కడ ఎండుమిరప దండలు దుకాణాల ముందు, ఇళ్ల మేడల మీద వేలాడుతుంటాయి. దియమాంతె అనే ఊళ్లో ఏటా సెప్టెంబరులో మిరపకాయల పండుగే చేస్తారు. కారంతో ఎర్రగా ఉండి రొట్టె మీద పూసుకునే ఎన్దూయా నోరు మండిస్తుంది, కాకపోతే అది పంది మాంసం. మనకూ వాళ్లకూ మిరప, టమాటా రెండూ 1492 తర్వాతే అమెరికా ఖండాల నుంచి వచ్చాయి.

మిగతా చోట్ల 'అర్రబ్యాతా' అనే మిరప, టమాటా సాసుతో పాస్తా అడగండి. కోపంగా ఉన్నది అని అర్థం, గుంటూరు లెక్కన చిరాకు అనుకోవచ్చు. ఆవకాయ సంగతి అంటారా, తీసుకెళ్లండి, గదిలో ఉంచండి. మా వాడు రోమ్‌లో కాచో ఎ పెపె మీద చెంచాడు వేసుకున్నాడు. పెకొరీనో జున్ను, మిరియాలు, పాస్తా ఉడికించిన నీళ్లు, ఈ మూడింటితో అరనిమిషం ఆగకుండా తిప్పితే కుదిరే సాసు అది. వంటింటి కిటికీలోంచి ఒకామె అంతా చూస్తూనే ఉంది. ఆ రాత్రి బిల్లు తెచ్చేటప్పుడు మాతో ఎవరూ నవ్వలేదు.

అయిదుగురం అన్నీ పంచుకుని తినవచ్చా?

తినవచ్చు, పద్ధతిగా. వాళ్ల భోజనంలో వరుస ఉంటుంది: ముందు అంతిపాస్తో అంటే తొలి చిరుతిండి, తర్వాత ప్రీమో అంటే పాస్తా గానీ అన్నం గానీ సూపు గానీ, తర్వాత సెకొందో అంటే మాంసం లేదా చేప, పక్కన కొంతోర్నో అంటే కూరగాయలు, చివర తీపి. ఇవన్నీ ప్రతి ఒక్కరూ తినాలన్న నియమం లేదు. మేము రెండు అంతిపాస్తోలు మధ్యలో పెట్టించుకుని, తలా ఒక ప్రీమో చెప్పి, సెకొందో రెండే తెప్పించుకునేవాళ్లం. 'దా దివీదెరె' అంటే పంచుకోవడానికి అని. ఖాళీ పళ్లేలు వాళ్లే తెస్తారు. అయిదుగురికీ కలిపి ఒక్క పాస్తా చెప్పి రెండు గంటలు కూర్చోవడం మాత్రం బాగుండదు.

స్నేహితులతో వెళ్లడంలో లాభం ఇక్కడే. ఒంటరిగా వెళ్తే రోమ్‌లో ఒక పూటకు ఒక్క పాస్తా రుచి తెలుస్తుంది. మేము ఒక్క రాత్రిలో గ్రీచా, అమత్రిచానా, కార్బొనారా మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూశాం. గ్రీచాలో గ్వాంచాలె, పెకొరీనో. దానికి టమాటా చేరిస్తే అమత్రిచానా, గుడ్డు చేరిస్తే కార్బొనారా. ఒకే ఇంటి అక్కచెల్లెళ్లు. మీగడ ఎందులోనూ లేదు.

బిల్లు పంచుకోవడం ఎలా?

సమానంగా పంచుకోవడాన్ని అక్కడ 'అల్లా రొమానా' అంటారు, రోమ్ పద్ధతి అని. ఎవరు తిన్నది వారు వేరువేరుగా కట్టే పద్ధతి వాళ్లకు తలనొప్పి, ముఖ్యంగా రద్దీలో. ఒకరు కట్టేసి తర్వాత లెక్క చూసుకోండి. బిల్లులో కొపెర్తో అని తలకు ఇంత వేస్తారు. రొట్టెకూ బల్ల మీద గుడ్డకూ అనుకోండి. అది మోసం కాదు, మెనూలో రాసే ఉంటుంది. టిప్పు ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

మోసపోయేది చేపల దగ్గర. మెనూలో ధర పక్కన 'ఎత్తో' అని ఉంటే అది 100 గ్రాములకు. సముద్రం ఒడ్డున ఒక చోట 7 యూరోల చేప అనుకుని సంబరంగా తిన్నాం. ఆ చేప కిలోకు పైగా తూగింది. తూకం వేసి ధర చెప్పాకే పొయ్యి మీద పెట్టమనండి.

ఏ వేళకు తినాలి?

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఏడున్నర తర్వాత. దక్షిణాన ఇంకా ఆలస్యం. మధ్యలో చాలా వంటిళ్లు మూతపడతాయి. నాలుగింటికి ఆకలేస్తే రొట్టెల దుకాణంలో ఫొకాచ్చా, రోమ్‌లో అయితే తూకానికి కోసి ఇచ్చే పిజ్జా ముక్క దిక్కు. ఆగస్టు 15 ముందూ వెనకా నగరాల్లో చాలా హోటళ్లు సెలవు పెడతాయి. ఆ వారం తప్పించుకోండి.

నేపుల్స్ పిజ్జా నిజంగా అంత గొప్పదా?

గొప్పదే, కాకపోతే మనం అలవాటుపడ్డది కాదు. మండే పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో కాలుతుంది. అంచు ఉబ్బి అక్కడక్కడ మాడుతుంది, నడుమ తడిగా, మెత్తగా ఉంటుంది. సరిగ్గా కాలలేదనుకుని మాలో ఒకరు వెనక్కి పంపబోయారు. అది అలాగే ఉండాలి. ఒక్కొక్కరికి ఒక్కో పిజ్జా, కత్తీ ఫోర్కూతో. వీధిలో అయితే నాలుగు మడతలు పెట్టి చేతిలో పెడతారు, పర్సు మడత అని దాని పేరు. ఆ పిజ్జా చేసేవారి కళను 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మరీనారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే ఉంటాయి. జున్ను వద్దనేవారికి అదే. ఇక 'పెపెరోని' అని అడిగితే క్యాప్సికం వస్తుంది, మాంసం రాదు. మా శాకాహారికి ఆ దేశంలో ఎదురైన ఒకే ఒక్క శుభవార్త లాంటి పొరపాటు అది.

మెనూ చదివేటప్పుడు నోరు తిరుగుతుందా?

తెలుగు నోటికి బాగానే తిరుగుతుంది. వాళ్ల మాటలూ ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి. మనకు గద వేరు, గద్ద వేరు అయినట్టే వాళ్లకూ ఒత్తు మారితే అర్థం మారుతుంది. కపెల్లో అంటే వెంట్రుక, కప్పెల్లో అంటే టోపీ. సూపులో ఏది కావాలో మీరే చెప్పుకోవాలి. కప్పెల్లెత్తి, అంటే చిన్న టోపీల ఆకారంలో ఉండే మాంసపు పాస్తా, సూపులో నిజంగానే వేస్తారు.

కాఫీ?

'కఫ్ఫె' అంటే రెండు గుక్కల ఎస్ప్రెస్సో. 'లాత్తె' అంటే పాలు, గ్లాసుడు పాలే తెచ్చిపెడతారు. కపుచ్చీనో పొద్దుటి పానీయం, భోజనం తర్వాత అడిగితే ఇస్తారు గానీ ఎగాదిగా చూస్తారు. నిలబడి తాగితే చవక, కూర్చుంటే ధర పెరుగుతుంది. ఫిల్టర్ కాఫీ మీద బెంగ పెట్టుకున్నవారికి నా దగ్గర మందు లేదు.

కడుపు పాడైతే?

'రీజో ఇన్ బ్యాంకో' అని అడగండి. తెల్లన్నం, కాస్త నూనె. ఒంట్లో బాగోలేనప్పుడు వాళ్లు తినే పథ్యం కూడా అదే. అడగగానే ఒక ముసలమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

పళ్లెంలో మిగిలిన సాసును రొట్టెతో తుడుచుకుని తినడం తప్పా?

దానికి 'స్కర్పెత్తా' అని ముద్దు పేరు ఉంది, చిన్న చెప్పు అని. పెద్ద హోటళ్లలో చూసీచూడనట్టు ఉంటారు, చిన్న హోటళ్లలో సంతోషిస్తారు. టస్కనీ రొట్టెలో ఉప్పే వేయరు. ఉత్తిగా తింటే సప్పగా ఉండి మొదటి రోజు మేమంతా మూతి ముడుచుకున్నాం. టమాటా సాసులో అద్దాక సరిపోయింది. రొట్టె ముక్కను ఫోర్కుకు గుచ్చి తుడవమని మర్యాదల పుస్తకాలు చెబుతాయట. మా పక్క బల్ల దగ్గరి తాతగారు మాత్రం వేళ్లతోనే, గిన్నె అంచు చుట్టూ నెమ్మదిగా, మా ఇంట్లో కొత్తావకాయ కలిపిన బేసిన్ తుడిచినట్టు తుడిచారు.